వాన చూపింది ఒకటి, టీవీ చూపింది ఒకటి

ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు. హిందూపురంలో నాతో పనిచేసినవాళ్లకు చెప్పాను. ధర్మవరం పాసింజర్లో ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెప్పాను. ఆ టీవీ చానలుకు ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. ఒకసారి హైదరాబాదు పోయి వాళ్ల గేటు ముందర నిలబడి, కాపలా మనిషికి మొదటి నుంచీ చెప్పాను. పూర్తిగా విన్నది అతనొక్కడే. "పాపం సార్" అన్నాడు. నాకు పాపం అనిపించుకోవడం అక్కరలేదు, జవాబు కావాలి. ఇన్నేళ్లు నా మాట ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కాగితం మధ్యలో ఫోను పెట్టేయదు.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. సోమందేపల్లి పక్కన ఒక పొలం గట్టు ఉంది. ఆ గట్టులో నేను లోపలికి దిగే సందు ఒకటి ఉండేది. ఆ పొలం గల అవ్వ ఆ సందుకు ముళ్లకంప అడ్డం వేసింది. ఆ కంప తీయించాలి. అంతే.

మాది పెనుకొండ. తొంభైల్లో నేను హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో తూకాలు రాసే ఉద్యోగంలో ఉన్నాను. వారమంతా రైల్లో పోయి రావడమే సరిపోయేది. ఆదివారం మాత్రం నాది. అందులోనూ వాన కురిసిన మర్నాడు పడిన ఆదివారం అంటే నాకు పండగ. ఆ రోజు ధర్మవరం నుంచి మా బామ్మర్ది దిగేవాడు. వాడు పట్టుచీరలు నేస్తాడు. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి, పొలాల్లో నడుస్తుంటే కట్టు విప్పిన దూడలా ఉండేవాడు. ఇద్దరం బస్సెక్కి సోమందేపల్లి దగ్గర దిగి, దున్నిన చేలల్లో తలలు వంచుకుని నడిచేవాళ్లం.

పెనుకొండ ఒకప్పుడు రాజులు కాపురమున్న ఊరు. రాజులు పోయారు. ఆ కాలంలో సంతకు పోతూ, పశువుల్ని తోలుకుంటూ, పెళ్లిళ్లకు నడుస్తూ మామూలు జనం జారవిడుచుకున్నవి మాత్రం చుట్టుపక్కల చేలల్లో ఇంకా ఉన్నాయి. రాగి కాసులు, పూసలు, గాజు ముక్కలు, పెంకులు. వాన పడితే ఎర్రమన్ను కొట్టుకుపోయి, గట్టి వస్తువు కింద మాత్రం చిన్న పీట మాదిరి నిలుస్తుంది. దాని మీద ఆ వస్తువు కూర్చుని ఉంటుంది, ఎవరో తీసి పెట్టినట్టు. వాన పడిన రోజే పోతే బురద తప్ప ఏమీ కనపడదు. రెండు రోజులు ఆగితే గాలికి దుమ్ము కప్పేస్తుంది. మర్నాడు పొద్దున, సూర్యుడికి ఎదురుగా నడవాలి. పాత కాసు మెరుస్తుందని అందరూ అనుకుంటారు. మెరిసేది కాకిబంగారం. కాసు ఎండిన మేకపెంటిక లాగా ఉంటుంది. వంగితేగానీ తెలియదు, పదిసార్లు వంగితే తొమ్మిదిసార్లు మేకపెంటికే.

మా ఇద్దరికీ రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, గడ్డపార ముట్టకూడదు. వాన చూపిస్తే తీసుకోవాలి, మన్ను దాచుకుంటే వదిలేయాలి. మా ప్రాంతంలో పాతగుళ్లలో, గుట్టల మీద గోతులు తవ్వే దొంగలు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లకూ మాకూ తేడా ఆ గడ్డపారే. రెండోది, ఏది దొరికినా ముందు ఆ పొలం గల మనిషి చేతిలో పెట్టాలి. ఒకసారి కొన్ని కాసులు పట్టుకుని సర్కారు ఆఫీసుకు కూడా పోయాను. అక్కడి పెద్దమనిషి వాటిని బల్ల మీద దొర్లించి, "ఈ తుప్పు బిళ్లలు పట్టుకోని యాడికొచ్చినావప్పా? బంగారం దొరికితే రా" అని పక్కనున్నవాళ్లు కూడా నవ్వేలా అన్నాడు. ఆయన రిటైరైనప్పుడు ఊరంతా దండలు వేసింది. నేను పోలేదు.

మేం తిరిగే పొలాలన్నిటిలోకీ మంచిది ఆ అవ్వ పొలమే. వర్షాధారపు శెనక్కాయ చేను. భర్త పోయినాక ఆమే చేయించుకునేది. మొదటిసారి మమ్మల్ని చూసి గట్టు మీద నుంచే అరిచింది.

"ఏమప్పా, ఏం పోగొట్టుకున్నారు నా చేన్లో?"

"మేం పోగొట్టుకోలేదవ్వా. ఎవురో పోగొట్టుకున్నేది వెతుకుతాండాం."

"ఎవురో పోగొట్టుకున్నేదానికి మీరెందుకు నడుములు ఇరగ్గొట్టుకుంటారు? రాండి, నా చేన్లో గరిక పీకుదురు, అదీ కనపడతాది ఇదీ కనపడతాది."

గరిక పీకాం. ఆ రోజు ఒక కాసు, రెండు ఎర్రపూసలు దొరికాయి. ఆమె అరచేతిలో పెట్టాం. కాసును వెనక్కి ఇచ్చేసి పూసలు ఉంచుకుంది. తర్వాతి వారం పోతే ఆ పూసలు దూడ మెడలో ఉన్నాయి. ఏ కాలపు ఆడమనిషి మెడలోంచో తెగిపడిన పూసలు, అవ్వ దూడ మెడలో గంతులేస్తున్నాయి. అంతకంటే మంచి చోటు వాటికి దొరుకుతుందని నేను అనుకోను. అప్పటి నుంచి వాన పడితే ఆమె మా కోసం చూసేది. వేయించిన శెనక్కాయలు కొంగులో ఉండేవి.

ఆ చేను మూలలో ఒక వీరగల్లు ఉంది. కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కిన పాతరాయి. ఎప్పుడో పశువుల కోసమో ఊరి కోసమో కొట్లాడి చచ్చినవాడికి నిలబెట్టింది. అవ్వ దాన్ని తాత అంటుంది. ఆ పొలంలోకి కొత్త సామాను ఏది వచ్చినా, నాగలి కర్రు గానీ మందు కొట్టే పంపు గానీ, ముందు తాత దగ్గర పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది, తర్వాతే వాడాలి. అది ఆమె ఇంటి పద్ధతి.

రెండువేలు దాటాక ఇంటింటికీ కేబుల్ వచ్చింది. ఆ రోజుల్లో ఒక చానల్‌వాళ్లు నిధుల వేట అని కార్యక్రమం మొదలుపెట్టారు. నలుగురు పట్నం పిల్లలు వారానికో ఊరు వచ్చి నిధి కోసం పోటీ పడతారు. నా సంగతి ఎవరి ద్వారానో తెలిసి, దాన్ని నడిపే ఆయన జీపులో పెనుకొండ వచ్చాడు. నెత్తిన ఎప్పుడూ టోపీ ఉండేది. మా అరుగు మీద కూర్చుని, "మీలాంటివాళ్లే సార్ మాకు కావాల్సింది. నిజమైన వేట చూపిద్దాం" అన్నాడు. ఇన్నేళ్లకు ఒకడు అడిగాడు కదా అని నా దగ్గరున్నదంతా చెప్పాను. అవ్వ దగ్గరికి పోయి అనుమతి కూడా నేనే అడిగాను. "వాండ్లెవురో నాకు తెలీదప్పా. నీ మాట మీద రానిస్తాండా" అంది.

వాన పడ్డాక రమ్మన్నాను. టోపీ ఆయన వాన కోసం ఆగలేమన్నాడు. నీళ్ల ట్యాంకరు తెప్పించాడు! మా ఊళ్లల్లో ట్యాంకరు కనపడితే ఏమవుతుందో ఆయనకు తెలియదు. ట్యాంకరు చేను దగ్గర ఆగిందో లేదో, పక్కనున్న ఇళ్లల్లోంచి ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. డ్రైవరు మనవాడే, కాదనలేక పైపు వాళ్ల వైపు తిప్పాడు. చేనుకు మిగిలింది నాలుగు చెంబులు. "బావా, నీ వాన బిందెల్లోకి పోతాండాది" అని మా బామ్మర్ది గట్టు మీద కూర్చుని నవ్వాడు.

అంతకుముందే, జీపు దిగగానే, నేను చేయవలసింది చేశాను. కొత్త సామాను పొలంలోకి వచ్చింది కదా. కెమెరా పెట్టెను తాత ముందర పెట్టించి కాయ కొట్టాను. నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది అటొకటి ఇటొకటి పెట్టాను. జీపు చక్రాల కింద కూడా పెట్టాను. వాళ్ల పని బాగా జరగాలనే చేశాను. అవ్వ పక్కనే నిలబడి, "బాగా మొక్కప్పా, మన చేను టీవీలో పడతాది" అంది. అదంతా వాళ్లు కెమెరాలోకి ఎక్కించుకున్నారు.

తర్వాత నేను నడిచి చూపించాను. ఎండ ఎటుండాలో, ఎట్లా వంగాలో చెప్పాను. ఆ నలుగురు పిల్లల్లో ఒక అమ్మాయి శ్రద్ధగానే నడిచింది. ఆమెకు ఒక నీలిపూస దొరికింది కూడా. కేక పెట్టి ఎగిరింది. నేను ఎగిరినంత పని చేశాను. టోపీ ఆయన ముఖం మాత్రం మారలేదు.

"సార్, వెతుక్కోవడం ఎవరు చూస్తారు? దొరకడం చూస్తారు."

"దొరికింది గదప్పా, ఆ పాప చేతిలో ఉండాది చూడు."

"అది పూస సార్!"

మధ్యాహ్నం వాళ్లు పొలం అవతలున్న వంకలోకి, నీళ్లు లేని వాగులోకి, దిగారు. జీపులోంచి ఒక ఇత్తడి బిందె తీశారు. మూతికి గుడ్డ కట్టి, పైన మట్టి పూశారు. లోపల పూజసామాను అంగట్లో దొరికే లక్ష్మీబిళ్లలు. వంక ఇసకలో పాతారు, గడ్డపారతో తవ్వారు, "దొరికింది" అని నలుగురూ అరిచారు. నన్ను గడ్డపార పట్టుకోమన్నారు. పట్టుకోనన్నాను. కనీసం పక్కన నిలబడమన్నారు. నిలబడనని చెప్పి బస్సెక్కి వచ్చేశాను. అవ్వ అప్పటికే ఇంటికి పోయింది. ఆ బిందెను ఆమె అక్కడ చూడలేదు. నా ఖర్మంతా అక్కడే ఉంది.

రెండు నెలలకు కార్యక్రమం వచ్చింది. ఆ రోజు ధర్మవరంలో మా అత్తగారింట్లో ఉన్నాను. వీధిలో మగ్గాల చప్పుడు ఆగింది. అందరూ టీవీ ముందరే. ముందు నేను కనపడ్డాను, పిల్లలు ఈలలేశారు. తర్వాత తెర ఎర్రబడింది. నా చేతిలో కొబ్బరికాయ, కోసిన నిమ్మకాయలు, కుంకుమ, వెనక తాత రాయి. ఒక గొంతు బొంగురుగా చెప్పింది: నిధికి కాపలా ఉన్న శక్తిని శాంతింపజేయడానికి ఇతను రహస్యపూజ చేస్తున్నాడట. మరుక్షణం గడ్డపార మన్నులో దిగింది. బిందె పైకి లేచింది. మధ్యలో వంక లేదు, ట్యాంకరు లేదు, నేను నడిచిందీ చెప్పిందీ లేదు. నీలిపూస లేదు. చూసినవాడికెవడికైనా ఆ బిందె ఆ రాయి కిందనుంచే లేచింది.

పక్కింటాయన నా వైపు తిరిగి అన్నాడు: "ఏమబ్బా, ఇన్నేండ్లూ పూసలని చెప్పి బిందెలు లేపుతాండావా?" అందరూ నవ్వారు. మా అత్త మాత్రం నవ్వలేదు, లోపలికి పోయి దేవుడి ముందర దీపం పెట్టింది. అది నవ్వుకంటే నొప్పి.

వారం తిరక్కముందే ఎవరో ఆ చేనులో పడ్డారు. తాతను పడగొట్టి, ఆయన కాళ్ల కింద మనిషిలోతు గొయ్యి తీశారు. ఊడలు దిగిన శెనక్కాయ చెట్లు తొక్కిడికి నాశనమయ్యాయి. విషయం తెలిసి నేనూ బామ్మర్దీ పరుగెత్తాం. ఊరివాళ్లు మోకులు కట్టి రాయి లేపుతున్నారు. నేనూ చెయ్యి వేయబోయాను. "నువ్వు ముట్టద్దు" అంది అవ్వ. అరవలేదు, తిట్టలేదు. అంతమంది ముందర ఆ ఒక్క మాట. నా చెయ్యి అట్లానే గాల్లో ఉండిపోయింది.

తర్వాతి వానకు పోతే సందులో ముళ్లకంప ఉంది. గట్టు ఇవతల నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆమె కలుపు తీస్తూనే విన్నది.

"నువ్వు కాయ కొట్టిండేది చూసినా. బిందె లేసిండేది చూసినా. ఆ నడాన ఏమో జరిగిండాదని నువ్వు చెప్తాండావు. అది నేను చూళ్లేదు గదప్పా."

"అది వాండ్లు తెచ్చిన బిందె అవ్వా! వంకలో పాతినారు."

"అంత పెద్ద టీవీలో అబద్ధం చూపిస్తారా? ఆ టోపీ ఆయప్పను పిల్చకరా. ఈడ నిలబడి, తాత ముందర చెప్పమను. అప్పుడు ఇంటా."

ఆ మాట నేను చానల్‌వాళ్లకు ఉన్నదున్నట్టు చేరవేశాను. ఒకసారి ఫోనులో ఒకమ్మాయి, "అది వినోద కార్యక్రమం సార్, అందరికీ తెలుసు" అంది. అవ్వకు తెలియదమ్మా అన్నాను. పెట్టేసింది. తర్వాత అట్లాంటి కార్యక్రమాలు ఇంకా చాలా వచ్చాయి, నేను అన్నీ చూశాను. అన్నింట్లోనూ ఒకటే గడ్డపార, ఒకటే బిందె. ఆదివారం పొద్దున మేకపెంటికల మధ్య వంగి నవ్వుకునే ఇద్దరు మనుషులు ఒక్కదాంట్లోనూ లేరు. మేమున్నాం. మా పని తప్పు కాదు, మా పద్ధతి తప్పు కాదు. నేను కొట్టిన కొబ్బరికాయ కూడా తప్పు కాదు, ఇప్పుడైనా అట్లానే కొడతాను.

వాన పడిన మర్నాడు ఇప్పటికీ పోతాను. ముళ్లకంప ఇవతలే నిలబడతాను. అవ్వ చూస్తుంది, పలకదు. ఎండిన కంప తీసి ఏటా కొత్తది వేయిస్తుంది. ఆ వయసులో ఆమెకున్న పట్టుదల నాకు తెలుసు, నాకున్నది ఆమెకు తెలుసు. మా ఇద్దరి మధ్య నుంచి తప్పుకున్నది ఆ టోపీ ఆయన ఒక్కడే.

టోపీ పెట్టుకున్న అయ్యా, ఈ కాగితం మీ చేతికి రాకపోయినా మీ పక్కవాడి చేతికైనా వస్తుంది. మీరు టీవీలో ఏమీ చెప్పనక్కరలేదు. పెనుకొండ రైలుకు రండి, స్టేషను బయట నేనుంటాను, సోమందేపల్లి బస్సు నేనే ఎక్కిస్తాను. ఆ గట్టు మీద నిలబడి, ఆ తాత ముందర, అవ్వ వినేటట్టు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఆ బిందె ఎవరిది? ఎక్కడ పాతారు? రెండు ప్రశ్నలయ్యాయి, సరే, రెండింటికీ చెప్పండి. ఆమెకు వయసు మీద పడింది. ఎప్పుడొస్తారు?