రిజిస్టర్లో లేని అద్దెవాడు

దొంగల భయం ఉండదని రాజాంలో గేటూ కాపలా ఉన్న అపార్టుమెంటులో అద్దెకు దిగాం. చేరిన మూడో రోజు పొద్దున్న లుంగీ మీదే, ఫోను కూడా తీసుకోకుండా కూరగాయలకు వెళ్లొచ్చాను. వాచ్‌మన్ గేటు దగ్గర కర్ర అడ్డం పెట్టాడు.

“ఎవురింటికి బావూ?”

“మా ఇంటికే. మూడో అంతస్తు.”

“రిజిస్టర్లో ఓనరు పేరే ఉన్నాది. నువ్వెవురో నాకేటి తెల్సు?”

నేను బతిమాలుతుండగానే ఒక వీధికుక్క మా ఇద్దరి మధ్య నుంచి దర్జాగా లోపలికి పోయింది.

“అది రోజూ వస్తాది,” అన్నాడతను.

ఇక సిగ్గు విడిచి మా ఆవిడను కేకేశాను. ఆమె బాల్కనీలోకి వచ్చింది.

“అమ్మా, ఈ మనిసి మీ ఆయనేనా?” అని అడిగాడు వాచ్‌మన్.

ఆవిడ నన్ను కాసేపు పరీక్షగా చూసింది. “సంచిలో కొత్తిమీర ఉన్నాదేటో సూడు బాబూ.”

అతను సంచంతా వెతికాడు. “వంకాయలే ఉన్నాయమ్మా. కొత్తిమీర నేదు.”

“సెప్పి సెప్పి పంపినా మరిసిపోయేడంటే మా ఆయనే. ఒగ్గీ.”

గేటు తెరుచుకుంది. నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ నన్ను మళ్లీ కొత్తిమీరకు తరిమింది. ఈసారి చొక్కా జేబులో ఆధార్ కార్డు పెట్టుకుని దిగాను.