ద్రాక్ష ట్రాలీకి సరైన హుక్కు

మా ఇంట్లో ట్రాక్టర్ లేకుండానే ట్రాలీ ఉండేది. మొయినాబాద్ నుంచి చేవెళ్ళ వెళ్ళేవాళ్ళు మా పొలాల పక్క నుంచే వెళ్ళాలని చెప్పుకునే రోజులు అప్పటికే పోయాయి. బాపు ట్రాక్టర్ కొందామని ముందుగా ట్రాలీ చేయించాడు. ట్రాక్టర్ ఏటికేడు వాయిదా పడి చివరికి రానే లేదు. ఆ రెండు చక్రాల ట్రాలీ పశువుల కొట్టంలో రంగు చెదరకుండా నిలబడి ఉండేది. వాడని వస్తువును కూడా తుడిచి ఉంచడం మా ఇంటి పద్ధతి.

అరవై తొమ్మిది వేసవిలో దానితో పని పడింది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతోంది. కాలేజీలు మూసేస్తే నేను ఇంటికి వచ్చాను. ఎంకపల్లి దగ్గర అమ్మ పెంచిన ద్రాక్షతోట ఆ ఏడే మొదటిసారి నిండుగా కాసింది. ఈ పంట పట్నం చేరితే తోట నిలుస్తుంది, లేకపోతే అమ్మేయక తప్పదని బాపు ముందే చెప్పాడు. వస్తానని మాట ఇచ్చిన లారీవాడు బంద్‌లకు భయపడి రానన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం చిన్న మంగళారం రైతు ఒకాయన చర్చి నుంచి నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన కొత్తగా ట్రాక్టర్ కొన్నాడు, ట్రాలీ ఇంకా కొనలేదు.

"పటేలా, మీకు డబ్బా ఉన్నది, నాకు ఇంజను ఉన్నది. రెండు గలిపితే బండి అయితది. రేపు బంద్ లేదంటున్నరు. చీకటితోనే ఎల్లిపోదాం."

బాపు వాకిట్లో నిలబెట్టిన మా పాత జీపు వైపు చూసి, "మా ట్రాలీని మా జీపే గుంజుతది" అన్నాడు.

"జీపుకు హుక్కు యాడున్నది పటేలా?"

"పెట్టిస్త."

అసలు సంగతి హుక్కు కాదని అక్కడున్న అందరికీ తెలుసు. మా తాత బండిలో కూర్చుంటే బండి తోలే మనిషి ముందు నొగల మీద కూర్చునేవాడు కాదు. ఎద్దుల పక్కన నడిచేవాడు. మా ఇంటివాళ్ళకు వీపు చూపించి ముందు కూర్చోవడం ఎవరికీ చెల్లదు. అలా చేవెళ్ళ దాకా నడిచిన మనిషికి ఈ రైతు మనవడు. ట్రాక్టర్ మీద సీటు ఒకటే. ఆయన దాని మీద కూర్చుంటే బాపు వెనక ట్రాలీలో ద్రాక్ష గంపల మధ్య కూర్చోవాలి.

మర్నాటి నుంచి బాపు హుక్కు పనిలో పడ్డాడు. ఈ విషయంలో ఆయనకున్న తెలివిని నేను ఇప్పటికీ తక్కువ చేయను. మొయినాబాద్‌లో దొరికిన హుక్కు నోరు తెరిచి ఉంది. గుంతలో బండి ఎగిరితే ట్రాలీ కడియం అందులోంచి జారిపోతుందని దాన్ని వద్దన్నాడు. నోరు మూసుకుని పిన్నుతో బిగిసేది కావాలన్నాడు. తర్వాత ఎత్తు కొలిచాడు. ట్రాలీ కడ్డీ ట్రాక్టర్ ఎత్తుకు చేసింది, జీపు వెనక భాగం అంతకన్నా ఎత్తు. అలాగే తగిలిస్తే ట్రాలీ ముక్కు పైకి లేచి, బరువు వెనక్కి పోయి, రోడ్డు మీద తోక ఊపుతుందన్నాడు. హుక్కును కిందికి దించడానికి లావు ఇనుప పలక కావాలి. హుక్కు ఊడినా ట్రాలీ విడిపోకుండా పక్కన గొలుసు కూడా ఉండాలి.

అన్నీ నిజమే. కానీ ఆ సామాన్లు పట్నంలో పాత ఇనుము అమ్మే దుకాణాల్లోనే దొరుకుతాయి. బాపు వెళ్ళిన రోజు దుకాణాలు మూసి ఉండేవి. తెరిచిన రోజు పలక దొరికితే పిన్ను దొరికేది కాదు.

అమ్మ రోజూ తోటకు వెళ్ళి పందిరి కింద నిలబడి గుత్తులు తాకి చూసి వచ్చేది.

"పండు మెత్తవడుతున్నది" అంది ఒకరోజు.

"జర ఆగు. వచ్చే వారం అయితది."

"బంద్ ఉన్నదని పండుకు తెల్వది గద" అని లోపలికి పోయింది. మళ్ళీ అడగలేదు.

ఆ రైతు ఇంకోసారి వచ్చాడు. జీపు వెనక పలక అతికిస్తున్న వెల్డింగ్ పని చూసి నవ్వాడు. "హుక్కుకు గూడ ముహూర్తం జూస్తున్నరా పటేలా? నా ట్రాక్టర్ ఊకెనే ఉన్నది."

"రోడ్డు మీద మంది పాణాలతోని ఆటలాడొద్దు" అన్నాడు బాపు.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ మాటకు ఎవరు ఎదురు చెప్పగలరు?

హుక్కు కుదిరిన సాయంత్రమే గాలివాన వచ్చింది. పండిన ద్రాక్ష నీళ్ళు తాగి పగిలింది. తెల్లవారి కోస్తుంటే కందిరీగలు చేతుల మీద వాలాయి. అయినా గంపలు నింపి, బరువు కొంచెం ముందుకు ఉండేలా సర్ది, గొలుసు తగిలించి బయలుదేరాం. అజీజ్‌నగర్ దాటేదాకా బాపు అద్దంలో ట్రాలీనే చూస్తూ జీపు నడిపాడు. అది గీత గీసినట్టు వచ్చింది. ఒక్క కుదుపు లేదు.

మార్కెట్లో దళారి ఒక గుత్తి పైకెత్తితే కాయలన్నీ రాలిపోయాయి. "ఎన్నడు కోసేదుండె, ఎన్నడు కోసిండ్రు సాబ్?" అన్నాడు. బాపు గంపలు మళ్ళీ ట్రాలీలోకి ఎక్కించమన్నాడు. తిరిగి వస్తూ దారిలో గంపలు బోర్లించాం, ఎవరివో బర్రెలు తిన్నాయి.

ఆ దసరా తర్వాత కొమ్మలు కత్తిరించే కాలం వచ్చింది. అమ్మ కూలీలను పిలవలేదు. తోట ఆ రైతుకే అమ్మాం.

కొన్నాక ఆయన వచ్చి, తోట ఎలా చూసుకోవాలని అమ్మను అడిగాడు. అమ్మ ఆయన వెంట తోట దాకా నడిచింది. ఏ కొమ్మను చిగురు పుట్టే ఏ కన్ను దగ్గర కోయాలో, నీళ్ళు ఎప్పుడు ఆపాలో, పండు ఏ రంగుకు వస్తే ఇక ఒక్క పూట కూడా ఆగకూడదో అన్నీ చెప్పింది. "ఈ యేడు సరిగ కాయది బిడ్డా, కొమ్మ కోసుడు లేటయింది. ఓపిక వట్టు" అంది. నేను కొంచెం దూరంలో నిలబడి విన్నాను. అమ్మ అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ మాటలు ఆ వేసవిలో మా వసారాలో బాపుతో మాట్లాడవలసినవి. మా ఇంట్లో ఆడవాళ్ళ చేత అలా మాట్లాడించే అలవాటు లేదు.