మాస్టర్ కళ్ళద్దాలు, నా ఎల్ఫ్ సైన్యం

మా డిజైన్ మాస్టర్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నా నోట మొదట వచ్చింది అయ్యో అన్న మాట కాదు. "ఒప్పుకోకుండానే పోయినాడా?" అన్నాను. పాపం ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. పదేళ్ళు ఆయన మీద కోపం మోసినవాణ్ణి నేను, కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

తొంభైల చివర్లో ధర్మవరంలో ఒక చీరల డిజైన్ ఆఫీసులో ఇద్దరం పనిచేసేవాళ్ళం. నేను హిందూపురంలో రైలెక్కితే ఆయన పెనుకొండలో ఎక్కేవారు. ఆఫీసంతటికీ ఒకటే కంప్యూటరు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందులో యుద్ధం ఆట. ఒకే కుర్చీ కాబట్టి వంతులవారీగా ఆడాలి. ఒకరు సైన్యాన్ని నడిపిస్తుంటే రెండోవారు తెర చూడకుండా గడప దగ్గర నిలబడాలి. నాది ఎల్ఫ్‌ల సైన్యం. నిక్కిన చెవులు, పొడవాటి విల్లులు, అడవే ఇల్లు. ఆయనది గుర్రపు దండు.

ఆయనలో నాకు నచ్చింది ఒక్కటీ లేదు. చప్పరిస్తూ తినేవారు. వంతు అయ్యాక కళ్ళద్దాలు తీసి కీబోర్డు పక్కన పెట్టి మరీ గడప దగ్గరికి పోయేవారు. అవి నా చేతికి అడ్డమొస్తే విసుగ్గా పక్కకు నెట్టేవాణ్ణి. అన్నిటికన్నా మంట పుట్టించేవి ఆ సలహాలు. నా హీరోకు లెవెల్ పెరిగినప్పుడల్లా వచ్చిన బలమంతా విలువిద్యకే పోసేవాణ్ణి. ముందు కాపలా ఉండాల్సిన చెట్టుమనుషులు మెల్లగా నడుస్తారని వెనకే వదిలేసేవాణ్ణి.

"ఏమప్పా, పడుగు లేకుండానే పేక నేస్తాండావే?" అనేవారు. "ముందర చెట్లోళ్ళను నిలబెట్టు. ఎనక నుంచి బాణాలెయ్యి. హీరోకు రోంత కవచం ఇయ్యి. సచ్చినోడు ఎంత బాగా బాణమేస్తే ఏం లాభం?"

శత్రువు చెప్పే మాట ఎవడు వింటాడు? నేను వినలేదు.

విలుకాండ్రను ఏటి ఒడ్డున దాచినా, కొండ చాటున దాచినా ఆయన గుర్రాలు నేరుగా అక్కడికే వచ్చేవి. ఒకనాడు ఆయన వంతులో నేను గడప దగ్గర నిలబడి ఉండగా, ఎదురుగా చీరల బీరువా అద్దంలో కంప్యూటరు తెర మొత్తం కనిపించింది. ఒళ్ళు మండిపోయింది.

"ఇన్నాళ్ళూ దొంగాట ఆడినారా మాస్టర్?"

ఆయన నవ్వారు. "నీ సైన్యాన్ని చూసేకి అద్దం కావల్నా? పొద్దున రైల్లో నీ మొగం చూస్తే సాలదా? నా వంతు అయిపాయ. కూసోని ఆడు."

నేను కూర్చోలేదు. ఆట మధ్యలో వదిలేశాను, కొన్నాళ్ళకు ఉద్యోగమే వదిలేసి హిందూపురంలోనే వేరే పనిలో చేరాను. తర్వాత ఒకసారి స్టేషన్లో ఎదురుపడి "ఏమప్పా" అని పలకరించారు. తల తిప్పుకున్నాను.

దినానికి పెనుకొండ పోయాను. ఆయన కూతురు ఒక పాత ఫైలు, దానిమీద ఆయన కళ్ళద్దాలు పెట్టి తెచ్చింది. "ఇది మీకియ్యమని చెప్పినాడు నాయన," అంది. తర్వాత కళ్ళద్దాలు చేతిలోకి తీసుకుని, "ఇవి లేకుంటే నాయనకు రెండడుగుల అవతల మనిషి కూడా తెలిసేది కాదన్నా," అని ఏడ్చింది.

కీబోర్డు పక్కన రోజూ ఆయన పెట్టిపోయిన కళ్ళద్దాలు గుర్తొచ్చాయి. చచ్చేంత సిగ్గేసింది. వెంటనే మళ్ళీ కోపమొచ్చింది. ఆ ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఫైలునిండా డిజైన్లు గీసే గళ్ళ కాగితాలు. మాకొక పద్ధతి ఉంది. గళ్ళలో ముందు పెన్సిల్ చుక్కలు పెడతాం, అవతలివాళ్ళు సరే అన్నాకే రంగు నింపుతాం. ఈ గళ్ళలో ఉన్నవి చీరల పువ్వులు కావు, మా యుద్ధాలు. అంచుల్లో ఆయన రాత: 'కోపంగా ఉంటే ఏటి పక్క నుంచి వస్తాడు.' 'అన్నం సరిగా తినకుంటే తొందరపడతాడు.'

చివరి కాగితం నేను వదిలేసి వచ్చిన ఆటది. ఏటి ఒడ్డున నా విలుకాండ్రు పచ్చరంగు గళ్ళలో ఉన్నారు. పక్కన రాసి ఉంది: 'ఈడ చెట్లోళ్ళను నిలబెడితే నేను ఓడిపోతా. వంతు ఆయప్పదే.'

విలుకాండ్ర ముందు ఒక వరస చుక్కలు. ఇంకా పెన్సిల్‌తోనే ఉన్నాయి.