బాపు వార్తలామె

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. మా ఇంట్లో కూర మాడితే కరీంనగర్ అంతా పొగ కమ్మిందని చెప్పే రకం నేను.

మా కంప్యూటర్‌ను నడిపేది లినక్స్ అనే వ్యవస్థ. జయంతి జాతరనాటి కొండగట్టు గుడిలా అందులో కాలు పెట్టే జాగ లేకుండా పోయింది. ఒక ప్రోగ్రామ్ పెట్టుకుంటే చాలు, దాని వెంట సాయానికి ఇంకొన్ని ప్యాకేజీలు పెళ్లివారిలా దిగుతాయి. అసలుదాన్ని సాగనంపినా అవి కదలవు. వాటిని ఊడ్చెయ్యమని ఓ ఆదివారం పొద్దున హుకుం ఇచ్చాను. "ఇవి ఇక దేనికీ అక్కర్లేదు, తీసెయ్యనా?" అంటూ లినక్స్ లక్సెట్టిపేట దాకా సాగే పేర్ల వరుస చూపించింది. చదవకుండానే సరే అన్నాను.

అప్పుడే మా బాపు వచ్చి కూర్చున్నాడు. ఏండ్లకేండ్లు సాంచాల మీద బట్ట నేసిన మనిషి, ఇప్పుడు అక్షరాలు కనబడవు. నొక్కితే వార్తలు చదివేలా కీబోర్డు మీద ఒక మీట నేనే తయారుచేసి ఇచ్చాను. అందులో పలికే ఆడగొంతు ఆయనకు 'వార్తలామె'. రోజూ ఆమెతో వాదం పెట్టుకుంటాడు. ఆ గొంతు ఎప్పుడో తీసేసిన వేరే ప్రోగ్రామ్ వెంట వచ్చింది. నా మీటకు అదే ఆధారమని లినక్స్‌కేం తెలుసు? దిక్కులేనిదనుకుని పంపించేసింది.

"గామె ఏడ వోయింది రా?" బాపు అరుపుకు వాడకట్టు కుక్కలన్నీ లేచాయి.

"అక్కర్లేదనుకొని తీసేసిన బాపు. జర ఆగు."

"ఎవలకు అక్కర్లేదు? నన్నడిగినవా?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "జాగ ఖాళీ చెయ్యమంటే మనిషినే ఎల్లగొట్టినవా?"

"బట్ట అయిపోయిందని సాంచ మీద మిగిలిన పోగులు కోసి పారేస్తమా?" అన్నాడు బాపు. "కొత్త పడుగు దేనికి ముడేస్తవ్? నేతోని కొడుకువై గిదేం పని రా!"

ఈసారి ఆ గొంతును పేరు పెట్టి పిలిచి తెచ్చుకున్నాను. అలా కావాలని తెచ్చుకున్నదాన్ని లినక్స్ తనంతట తాను ఊడ్చదు. మీట నొక్కగానే వార్తలామె పలికింది.

"ఎటు వోయినవ్ తల్లీ?" అంటూ బాపు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

మా ఆవిడ దెప్పడం నిజం. పోగుల మాట కూడా నిజమే, కాకపోతే గొంతు తిరిగొచ్చాక నవ్వుతూ అన్నాడు. నేను కల్పించింది బాపు అరుపు. ఆయన అరవలేదు. మీట మళ్లీ మళ్లీ నొక్కి, నా వైపు తిరిగి, "చెవులు గూడ పోయినయా, బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

అది రాయడానికి చెయ్యి రాక, కుక్కలను లేపాను.