సారు మర్చిపోయిన వేగం

'మరోసారి సారు'కు ఏదీ గుర్తుండదు. నెట్‌వర్క్ విభాగంలో ఇరవై రెండేళ్ల సర్వీసు. అయినా ఏ పని మొదలుపెట్టినా పక్కవాళ్లకేసి తిరిగి, "మరోసారి చెప్పమ్మా, మర్చిపోయాను" అనాల్సిందే. అందరూ అలాగే పిలవడంతో ఆయన అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

లిఫ్టు ఎక్కి, "మనది ఎన్నో అంతస్తమ్మా?" అని అడుగుతారు. భోజనం డబ్బా మూత మీద వాళ్లావిడ 'ఇది మీదే, తినండి' అని రాసి పంపుతుంది.

కొత్తావిడకు ఇదంతా చూస్తే ఒళ్లు మండేది. పిల్లల కోసం తొమ్మిదేళ్లు ఇంట్లో ఉండి, మళ్లీ ఉద్యోగంలోకి వచ్చింది. మూడు నెలల గడువు శుక్రవారంతో తీరుతుంది. ఆలోగా పని వచ్చనిపించుకోకపోతే ఇంటికే. నేర్పాల్సిన మనిషే తనను పాఠం అడుగుతుంటే ఎలా? ఆయనకు చెప్పడం కోసమే ఆవిడ రోజూ పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది.

బుధవారం ఆవిడ ఫైర్‌వాల్‌లో ఒక నియమం మార్చింది. ఆఫీసు నెట్‌వర్క్‌కు కాపలా కాసే పెట్టె అది. ఆ కాపలావాడు దొంగలతోపాటు ఇంటివాళ్లనూ బయటికి నెట్టి గడియ వేసుకున్నాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే: పెట్టె ముందున్న చిన్న యూఎస్‌బీ కన్సోల్ పోర్టుకు ల్యాప్‌టాప్‌ను నేరుగా తగిలించడం.

"మార్చింది ఎవరు?" అన్నాడు మేనేజరు చేతులు కట్టుకుని.

"నేనే సార్," అంది ఆవిడ.

సారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, జేబులోంచి ఓ కేబుల్ తీసి గుచ్చారు. తెర మీద ఉలుకూ పలుకూ లేదు.

"ఏమైందమ్మా?"

"అది ఫోన్ ఛార్జింగు కేబుల్ సార్! కరెంటు తప్ప ఇంకేం మోయదు. డేటా కేబుల్ పెట్టండి."

"ఔను సుమా! మర్చిపోయాను."

కేబుల్ మారింది. ఈసారి తెరనిండా పిచ్చి గీతలు.

"పెట్టె వేగం, ల్యాప్‌టాప్ వేగం కలవట్లేదు. ఎంత పెట్టారు సార్?"

"తొమ్మిది వేల ఆరు వందలు. కాదూ?"

"దీనికి లక్షా పదిహేను వేల రెండు వందలు!" ఆవిడ కసిరినంత పని చేసింది.

"మరోసారి చెప్పమ్మా, కాస్త గట్టిగా."

గట్టిగానే చెప్పింది. అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. పాత నియమాన్ని వెనక్కి తెచ్చే ఆదేశమూ ఆవిడే చెప్పింది. సారు ఒంటివేలితో టైపు చేశారు. నెట్‌వర్క్ తిరిగొచ్చింది.

"ఈవిడ లేకపోతే మీకు గడిచేలా లేదే!" మేనేజరు నవ్వాడు.

"పూట గడవదండీ," అన్నారు సారు.

శుక్రవారం ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. అది చూపిద్దామని ఆవిడ సారు గదికి వెళ్లింది. ఆయన కమలాపండు ఒలుచుకుంటూ ఫోనులో ఎవరికో చెబుతున్నారు: "లక్షా పదిహేను వేల రెండు వందలు, డేటా బిట్లు ఎనిమిది, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ ఒకటి. ఛార్జింగు కేబుల్ పెట్టేవు, జాగ్రత్త!" బుధవారం ఆవిడ చెప్పని సెట్టింగులు కూడా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశారు.

ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. మూడు నెలలుగా తను ఏమేం చెప్పిందో, అవన్నీ ఎవరెవరు వింటుండగా చెప్పిందో ఒక్కొక్కటే తట్టింది. ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"సార్! మీకన్నీ గుర్తున్నాయి!"

"ష్, నెమ్మది," అంటూ సారు ఓ కమలా తొన ఆవిడ చేతిలో పెట్టారు. "సోమవారం ఒకాయన కొత్తగా చేరుతున్నాడు. పాపం, బాగా బెదురు మనిషట. ఈసారి మర్చిపోవడం నీ వంతు."