చెంచులక్ష్మి పుట్టింటివాళ్లకు దారిచ్చిన రోజు

ఆ రోజుల్లో మా నంద్యాల కుర్రాళ్లకు కారు తోలడమంటే హారన్ కొట్టడమే. బర్రె కనబడితే హారన్, ఆటో కనబడితే హారన్, ఏమీ కనబడకపోతే ఏదైనా వస్తుందేమోనని హారన్. నేనూ ఆ బడిలోనే చదువుకున్నాను. లైసెన్సు చేతికొచ్చి నెల తిరగలేదు గానీ, మా మేనమామ ఆళ్లగడ్డలో నాకు చూసిన సంబంధం వాళ్లతో "మావోడు కారు తోల్తే కడుపులో సల్ల కదలదు" అని కోతలు కోసి వచ్చాడు. (ఆయన నా పక్కన ఒక్కసారి కూర్చుని ఉంటే ఆ మాట అనడు.)

పెళ్లిచూపుల్లో అమ్మాయి నాకు నచ్చింది. నచ్చడమంటే మామూలుగా కాదు, రెండు రోజులు అన్నం సహించలేదు. రైతైన ఆమె నాన్న మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "మా యమ్మ అహోబిలం పోవాలంటాంది. నువ్వే పిల్చుకపో, మేమూ వస్తాం" అన్నాడు. అది పరీక్షేనని నాకు తెలిసిపోయింది.

మేనమామ పాత కారులో తెల్లవారుతుండగా ఆళ్లగడ్డలో బయలుదేరాం. నా పక్కన అమ్మాయి నాన్న, వెనక అమ్మాయీ, వాళ్ల అవ్వా. పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక జింక రోడ్డెక్కింది. నేను నేర్చిన విద్య ప్రకారం హారన్ గట్టిగా నొక్కాను. అది పారిపోలేదు, రోడ్డు మధ్యలో బిగుసుకుపోయి నన్నే చూసింది. బ్రేకు తొక్కిన తొక్కుడుకు నలుగురమూ ముందుకు తూలాం.

"హారన్ కొట్టాకు నాయనా, వాళ్లు చెంచులక్ష్మమ్మ పుట్టింటోళ్లు. ఇంటికొచ్చిన సుట్టాలను అరిచి తోల్తామా?" అంది అవ్వ. (అహోబిలం నరసింహస్వామి చెంచుల పిల్లను పెళ్లాడి ఆ అడవికి అల్లుడయ్యాడు. అవ్వ లెక్కలో అక్కడి ప్రతి ప్రాణీ ఆడపెళ్లివారే.)

హారన్ మీంచి చేయి తీశాను. జింక తేరుకుని దాటింది. ముందుకు కదలబోతే మళ్లీ అవ్వే, "ఆగు. సుట్టాలు ఒగరే రారు" అంది. నిజంగానే ఇంకొకటి వచ్చింది, దాని వెనక మరొకటి. చివర ఒక జింకపిల్ల రోడ్డు అంచున నిలబడి, కాలు ముందుకు పెడుతూ వెనక్కి తీస్తూ తటపటాయించింది. అప్పుడు నా స్థితీ అదే. ఇంతలో వెనక బస్సు మోత వినబడింది. అది మా పక్కనుంచి దూసుకుపోతే పిల్ల చక్రాల కిందే. పరీక్షా గిరీక్షా మరిచి కిందికి దూకి, చేతులూపుతూ బస్సుకు ఎదురు పరుగెత్తాను.

"ఏందప్పా నీ కత?" అంటూ డ్రైవరు బస్సు ఆపాడు. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల తల్లిని చేరిపోయింది.

నేనొచ్చి తాళం తిప్పితే మాత్రం కారు మొరాయించింది. అమ్మాయి నాన్న తెల్ల పంచె ఎగగట్టి వెనకనుంచి నెట్టాడు. అద్దంలో ఆయన ముఖం చూసి సంబంధం పోయిందనుకున్నాను. అమ్మాయి ఓణీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు ఇక నాకు దక్కదు కదా అని దిగులేసింది.

గుడి దగ్గర దిగాక ఆయన పంచె దులుపుకుంటూ, "మీ మామ అబద్ధం చెప్పినాడప్పా. నీకు తోలేది రాదు" అన్నాడు. తల దించుకున్నాను. "ఆపేది వచ్చు. తోలేది మా పాప నేర్పుతాది లే, ట్రాక్టరు తోల్తాది."

ఆమే నేర్పింది. ఇప్పుడు మా కూతురికి సంబంధాలు వస్తున్నాయి. వచ్చే కుర్రాళ్లందరూ నాకంటే బాగా తోలుతున్నారు. నేను మాత్రం నెరిసిన మీసం దువ్వుకుంటూ పక్క సీట్లో కూర్చుని, వీడు ఆగుతాడా అని చూస్తున్నాను.