నారాయణ దాచిన ఆఖరి డబ్బా

మా నారాయణ పోయాడన్న సంగతి నాకు ఒక షాపు ప్రకటన చెప్పింది.

నిన్న పొద్దున నా కొట్టు షట్టర్ ఎత్తి ఫోన్ చూస్తే వాట్సాప్‌లో వాడి ఫొటో. చుట్టూ పూలదండ. కింద వాడి బామ్మర్ది మొబైల్ షాపు పేరు, నంబరు, "అన్ని రకముల ఫోన్లు రిపేరు చేయబడును".

బామ్మర్ది కొత్త షాపు తెరిచి బావతో రిబ్బన్ కట్ చేయిస్తున్నాడేమో అనుకున్నాను.

మూలన చిన్న అక్షరాల్లో ఉంది: అశ్రునివాళి.

ఛీ.

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. తెల్లారగట్ల గుండె ఆగిందట. మొన్న సాయంత్రం నాతో టీ తాగిన మనిషి.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నారాయణ బస్తర్‌లోని మా భోపాలపట్నంలో కుట్టుమిషన్ల మెకానిక్. బైకు మీద టూల్స్ పెట్టె కట్టుకుని వారం సంతలన్నీ తిరిగేవాడు. మద్దేడ్ సంత మాత్రం ఎప్పుడూ తప్పలేదు. నన్ను అన్నా అని పిలిచేవాడు, ఒక్క మాటా వినేవాడు కాదు.

వాడికో పిచ్చి ఉండేది. జియోక్యాషింగ్.

ఎవరో ఒక చిన్న డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశం, రేఖాంశం వెబ్‌సైట్‌లో పెడతారు. ఇంకొకరు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, లోపలి కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేస్తారు. అంతే ఆట. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. పొగాకు పొట్లాల కాగితాలు చదివి అక్షరం నిలబెట్టుకున్నాను. ఈ అక్షాంశాల గోల మాత్రం వీడే నాకు నేర్పాడు, టీ గ్లాసు మీద వేలితో గీతలు గీసి.

మొదట్లో స్టీలు టిఫిన్ డబ్బా కొనుక్కొచ్చాడు.

"ఏందిరా ఇది? రోడ్డు పక్కన టిఫిన్ దాస్తవా? ఏ ఊర్ల ఉన్నవో యాదికుందా?" అని తిట్టాను.

మా వైపు నక్సలైట్లు టిఫిన్ డబ్బాల్లోనే బాంబులు పెడతారు. రోడ్డు పక్కన స్టీలు డబ్బా కనిపిస్తే ట్రాఫిక్ ఆపేస్తారు, బాంబుల వాళ్లను పిలుస్తారు. అప్పటి నుంచి లోపల ఏముందో కనబడే ప్లాస్టిక్ డబ్బాలే వాడాడు.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాడు. ఊళ్లో నెట్ ఉన్నప్పుడే ప్రతి డబ్బా పేజీ ఫోన్‌లో సేవ్ చేసేవాడు. ఫొటో, మ్యాపు, క్లూ, హిందీలో వివరం, అన్నీ. ఊరు దాటితే ఫోన్‌లో గడియారం తప్ప ఏదీ పనిచేయదు కదా.

ఒకసారి నేను వెనక కూర్చుని వెళ్లాను. చెక్‌పోస్టు దగ్గర ఒక జవాను టూల్స్ పెట్టె విప్పించాడు. అందులో మూతపెట్టిన ఖాళీ డబ్బా, దాని మీద అంకెలు. జవాను ముఖం మారింది.

వీడు తాపీగా ఫోన్ తీసి పేజీ చూపించాడు.

"నెట్ తో హై నహీ. కైసే ఖులా?" అన్నాడు జవాను, నెట్ లేకుండా ఎలా తెరుచుకుందని.

"ఘర్ సే లేకే చలా హూఁ సాబ్," అన్నాడు వీడు, ఇంటి నుంచే తెచ్చుకున్నానని, చద్దిమూట సంగతి చెప్పినట్టు.

ఆ జవాను పేజీ అంతా చదివాడు. దగ్గరలోనే ఇంకో డబ్బా ఉందని తెలిసి, క్లూ పట్టుకుని రాళ్ల మధ్య తనే వెతికాడు. దొరికాక పిల్లాడిలా నవ్వి, కాగితం మీద పేరు రాసి, జేబులోంచి నిమ్మ చాక్లెట్ తీసి లోపల వేశాడు.

నేను మాత్రం మా ఇంటి గుమ్మం కనబడేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఇక నిన్నటి సంగతి.

వాడింట్లో శవం ఉంది. వాడి భార్య, మా చెల్లెమ్మ, గోడకు ఆనుకుని ఉంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. బామ్మర్ది ఫోన్‌లో ఎవరికో లైవ్ చూపిస్తున్నాడు. నారాయణ ఫోన్ ఏదని అడిగాను.

"రీసెట్ కొట్టిన కాకా. లాక్ ఉండె, మరేం జెయ్యాలె? మంచి పీసు, షాపుల పెడితే పోతది."

"అండ్ల వాని డబ్బాల ముచ్చట ఉందిరా!"

"అన్ని నెట్ల ఉంటయ్ కాకా. ఈ రోజుల్ల ఫోన్ల ఏముంటది?"

పాడె ఇంకా లేవలేదు. అప్పటికే బావను తుడిచేశాడు.

పాత డబ్బాలు నెట్‌లో ఉన్నాయి, నిజమే. కానీ పోయిన మద్దేడ్ సంతనాడు వాడు కొత్తది ఒకటి పెట్టొచ్చాడు. ఒక వాన పడి, లోపలికి నీళ్లు రాలేదని చూసుకున్నాకే సైట్‌లో పెట్టడం వాడి పద్ధతి. ఆ చోటు ఆ ఫోన్‌లో తప్ప ఎక్కడా లేదు. ఎక్కడరా అంటే, "చెప్తే ఇంగ ఆటేముందన్నా" అన్నాడు.

రేపు అది పెట్రోలింగ్ వాళ్ల కంట పడితే ఆ పక్క పొలం ఎవరిదో వాణ్ని పిలుస్తారు. నాగలి పట్టుకునే దొర్లా ఆదివాసీ మనిషి జవాన్ల క్యాంపులో నిలబడి జియోక్యాషింగ్ అంటే ఏమని చెప్పాలి? ఏ పేజీ చూపించాలి?

బతికున్నన్నాళ్లూ పిచ్చోడన్న నోళ్లే నిన్నటి నుంచి మన ఊరి గ్రూపులో "లెజెండ్", "గ్రేట్ ట్రావెలర్" అని దంచుతున్నాయి. చదవాలంటేనే రోతగా ఉంది. లైకులు, దండం బొమ్మలు మీ దగ్గరే ఉంచుకోండి.

మద్దేడ్ రోడ్డు మీద తిరిగేవాళ్లంతా ఇది వినండి. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, ఎర్ర మూత, లోపల మడిచిన తెల్ల కాగితం. రోడ్డుకు దగ్గరలో, రాళ్ల సందులోనో చెట్టు మొదట్లోనో ఉంటుంది. అది ఆట వస్తువు. కనబడితే కదిలించకండి, నాకు కబురు పెట్టండి. నేనే వచ్చి, ఆ పొలం మనిషి ముందు, క్యాంపు వాళ్ల ముందు తీస్తాను. నారాయణ నాకు ఏమవుతాడో నేనే చెప్పుకుంటాను.

ఈ పోస్టు ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీకు అవసరం పడే చోట ఇది తెరుచుకోదు.

నిన్న సాయంత్రం ఇంద్రావతి ఒడ్డున నిన్ను దింపి వచ్చాం తమ్ముడూ. నాకైతే ఆ డబ్బా దొరికేదాకా నిద్ర లేదు. నువ్వైనా నిమ్మళంగా పడుకో.